లెనార్డా, హాగ్లరా, డురానా? బాక్సింగ్ తెలిసినవారు తేల్చి చెప్పండి

1980ల బాక్సింగ్‌లో మేటి ఎవరనే విషయం మీద మా బావకూ నాకూ వాదన తెగడం లేదు. ఆయన దృష్టిలో షుగర్ రే లెనార్డ్ తరువాతే ఎవరైనా. ఆ కాలపు మేటి బాక్సర్లు రాబర్టో డురాన్, థామస్ హెర్న్స్, మార్విన్ హాగ్లర్ ముగ్గురినీ ఓడించినది లెనార్డ్ ఒక్కడే కదా అంటారు. నిజమే. కానీ 1980 జూన్‌లో మాంట్రియల్‌లో డురాన్ చేతిలో ఓడింది కూడా ఆయనే. 1989లో హెర్న్స్ ఆయనను రెండుసార్లు కింద పడేసినా, న్యాయనిర్ణేతలు డ్రా ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

నా ఓటు హాగ్లర్‌కు. మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల విభాగం) టైటిల్‌ను 12 సార్లు నిలబెట్టుకున్నవాడు. 1985లో హెర్న్స్‌ను మూడో రౌండులోనే ముగించాడు. చిక్కంతా 1987 ఏప్రిల్‌లో లెనార్డ్‌తో జరిగిన పోరు దగ్గరే వస్తోంది. న్యాయనిర్ణేతల్లో ఒకరు 115-113 పాయింట్లతో హాగ్లర్‌కు, మరొకరు అంతే తేడాతో లెనార్డ్‌కు ఇచ్చారు. మూడో ఆయన మాత్రం ఏకంగా 118-110 లెనార్డ్‌కు! ఆయన ఏ పోరు చూశారో మరి.

ఆ 12 రౌండ్లనూ మీరే స్వయంగా లెక్కవేసి ఉంటే, ఎవరికి ఎన్ని ఇచ్చారు? రౌండు చివరి క్షణాల్లో లెనార్డ్ కురిపించిన గుద్దులకు నిజంగా అంత విలువ ఉందా? ముందుకు దూసుకొచ్చినందుకు హాగ్లర్‌కు ఏమైనా దక్కాలా?

ఇంకొకటి. 135 పౌండ్ల లైట్‌వెయిట్‌లో తొలి ప్రపంచ టైటిల్ సాధించి, 37 ఏళ్ల వయసులో మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచిన డురాన్‌ను మేమిద్దరమూ అన్యాయంగా పక్కన పెడుతున్నామా?