కాస్తియ్యా జట్టుకు పై డివిజన్ ఎందుకు దక్కలేదు?

ప్రశ్న: రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ క్లబ్ రిజర్వ్ జట్టయిన కాస్తియ్యా 1983–84లో స్పెయిన్ రెండో డివిజన్‌ను గెలిచినా, మొదటి డివిజన్‌కు వెళ్లలేదని చదివాను. అదే జట్టు 1980లో స్పెయిన్ నాకౌట్ కప్ అయిన కోపా డెల్ రే ఫైనల్ ఆడిందంటారు. ఈ రెండూ ఎలా పొసగుతాయో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం: లీగ్‌లో రిజర్వ్ జట్టు తన ప్రధాన జట్టు ఉన్న డివిజన్‌లో ఆడకూడదు. ఆ ఏడాది రెండో స్థానం కూడా బిల్బావో రిజర్వ్ జట్టుదే కావడంతో, వాటి వెనుక నిలిచిన హెర్కులెస్, రాసింగ్, ఎల్చె పైకి వెళ్లాయి. కోపాలో అప్పట్లో ఆ అడ్డు లేదు. అందుకే అథ్లెటిక్ బిల్బావో, రియల్ సోసిడాడ్, స్పోర్టింగ్ గిహోన్ వంటి మొదటి డివిజన్ జట్లను ఓడించి ఫైనల్ చేరిన కాస్తియ్యా, బెర్నబ్యూ మైదానంలో సొంత ప్రధాన జట్టు చేతిలోనే 6–1తో ఓడింది. లీగ్ కూడా రియల్ మాడ్రిడ్‌దే కావడంతో అది లీగ్ విజేతల యూరోపియన్ కప్‌కు వెళ్లింది; దేశాల కప్ విజేతలు ఆడే యూరప్ టోర్నీ కప్ విన్నర్స్ కప్‌లో అవకాశం ఓడిన జట్టుకు దక్కింది. నా దృష్టిలో టైటిల్ కంటే ఇదే విచిత్రం.

రెండో సమాధానం: ఆ టోర్నీలో కాస్తియ్యా ఆటగాళ్లు ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్ హామ్‌ను మాడ్రిడ్‌లో 3–1తో ఓడించి, లండన్‌లో ప్రేక్షకులు లేకుండా జరిగిన రెండో మ్యాచ్‌లో అదనపు సమయం తర్వాత 5–1తో ఓడిపోయారు.

మూడో సమాధానం: 1984 జట్టులోని బుట్రాగ్వెన్యో, మిచెల్, సాంచిస్, మార్టిన్ వాస్క్వెజ్ తర్వాత ప్రధాన జట్టుకే వెన్నెముకగా నిలిచారు. డివిజన్ మారకపోయినా ఆటగాళ్లు పైకి వెళ్లారు; రిజర్వ్ జట్టు ఉన్నదే అందుకు కదా!