చిన్నాన్న అమ్మేసిన జీడితోట: టొరంటో నుంచి ఏం చేయగలను?

సోంపేట గుంటడు, టొరంటో:
అందరికీ నమస్కారం. గత సెప్టెంబర్‌లో చదువుకి ఇక్కడికి వచ్చాను. నవంబర్‌లో నాన్న పోయారు. వెళ్లలేకపోయాను, కర్మ అంతా చిన్నాన్నే చేశారు. నాన్న చాలా ఏళ్లు ఓడల్లో పనిచేశారు. అప్పట్లో చిన్నాన్న పేర జీపీఏ (తన బదులు ఆస్తి పనులు చేసే అధికార పత్రం) రాసిచ్చారు, మళ్లీ రద్దు చేయలేదు. ఇప్పుడు మా రెండెకరాల జీడితోటలో ఎకరం నలభై సెంట్లకి ఎవరో కంచె వేశారని అమ్మ చెప్తోంది. నాన్న పేరున్న రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా కనబడడం లేదు. ఆన్‌లైన్‌లో ఒక ఏజెన్సీ ఆస్తుల జాడ తీస్తామంటోంది. ముందు 1,500 డాలర్లు, వచ్చిన దాంట్లో 20 శాతం అట. ఇవ్వొచ్చా? ఇక్కడ మన లాయర్ ఎవరైనా తెలుసా?

కువైట్ పెద్దాయన:
బాబూ, నాన్నగారి ఆత్మకి శాంతి. జీపీఏ ఇచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా పోయినట్టే. ఆ తర్వాత అమ్మితే అది చిత్తు కాగితం. నువ్వు వెంటనే నమ్మకమైన మనిషికి కొత్త జీపీఏ పంపు. ఎంబసీలో సంతకం పెట్టి పంపాలి, ఎంబసీ ముద్ర లేకపోతే ఇండియాలో చెల్లదు. ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను.

నాగావళి అక్క, న్యూజెర్సీ:
వద్దు, వద్దు! తమ్ముడూ, కొత్త జీపీఏ అన్న మాట వింటేనే నాకు బీపీ వస్తుంది. ఏజెన్సీ సంగతి తర్వాత, ముందు నా కథ విను. విజయనగరం దగ్గర మా నాన్న ఇచ్చిన 300 గజాల స్థలంలో ఒక దూరపు చుట్టం షెడ్డు వేసేశాడు. నాకేమో ఇక్కడ రెండో కాన్పు. కేసు చూసుకోవడానికి మనిషి కావాలి కదా అని, ఊళ్లో కోర్టు పనులు తిరిగే ఒకాయనకి జీపీఏ పంపాను. నమూనా కూడా ఆయనే వాట్సాప్‌లో పంపాడు. ఆరు పేజీలు. మొదటి పేజీలో నా పేరు సరిగా ఉందా, చివరి పేజీలో సంతకం ఎక్కడ పెట్టాలి, ఈ రెండే చూశాను. నాలుగో పేజీ మధ్యలో ఉంది ఆ లైను: ‘ప్రతివాదులతో రాజీ చేసుకొనుటకు, సొమ్ము పుచ్చుకొని రశీదు ఇచ్చుటకు’. ఏడాదిన్నర పాటు ఎప్పుడు ఫోన్ చేసినా ‘వాయిదా పడిందమ్మా’ అనేవాడు. ఒకరోజు రాత్రి పాప నిద్రపోయాక ఈకోర్ట్స్ సైట్లో కేసు నంబర్ కొట్టాను. డిస్పోజ్డ్, అంటే కేసు ముగిసిపోయిందని ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. స్థలం వాడికి, రెండు లక్షలు నాకు. ఆ రెండు లక్షలకి రశీదు ఇచ్చింది మా జీపీఏ గారే. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, మోసం జరిగిందని హైకోర్టులో రిట్ వేసుకోవాలి. వేశాను, నడుస్తోంది. షెడ్డు వేసినవాడు ఇప్పుడు కనబడితే మొహం తిప్పుకుంటాడు, అది నయం. ఈయన మాత్రం ప్రతి సంక్రాంతికీ నాకు ముగ్గు బొమ్మ పంపిస్తాడు.

అందుకని స్పెషల్ పవర్ ఒక్కటే రాయి. సర్వే నంబర్ వేసి, కేసు నడపడానికి మాత్రమే అని రాయి. అమ్మడం, రాజీ పడడం, డబ్బు తీసుకోవడం అన్న మాటలు అందులో కనబడకూడదు. అదీ అమ్మగారి పేరే రాయి. ఆవిడా వారసురాలే, తన పేరున తనే కేసు వేయగలదు. నీకు అక్కచెల్లెళ్లుంటే వాళ్లకీ వాటా ఉంటుంది, వాళ్లని వదిలేసి కేసు వేయకు.

రాజాం రైతుబిడ్డ, మెల్‌బోర్న్:
పెద్దాయనా, ఎంబసీ ముద్ర రూలు మీ కువైట్‌కి. అపోస్టిల్ అంటే ఎంబసీ బదులు ఆ దేశ ప్రభుత్వమే వేసే ధ్రువీకరణ ముద్ర. ఆ ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది, కెనడాకి 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ అబ్బాయి నోటరీ దగ్గర సంతకం పెట్టి ఒంటారియో ప్రభుత్వం దగ్గర అపోస్టిల్ వేయించుకుంటే సరిపోతుంది. కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. ఇంకో మాట, కేసు ఏ జిల్లాలో వేయాలో చూసుకో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి పోయింది. మా కాగితాల కోసం నాన్న రెండు ఊళ్లూ ఎన్నిసార్లు తిరిగారో...

గంటస్తంభం, సింగపూర్:
రాజాం గొడవ ఇక్కడెందుకు బాబూ, అతనిది సోంపేట, అది శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. ఆ అబ్బాయి అడిగింది ఏజెన్సీ గురించి, దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఇవ్వకు. లాయరైనా సరే, గెలిచిన దాంట్లో వాటా అడగకూడదని బార్ కౌన్సిల్ నియమం. టొరంటో లాయర్ కూడా ఇప్పుడు అక్కర్లేదు. మీ అమ్మగారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఫోన్ చేయాలంటే 15100.

ఇక జాడ. భూమి జాడ ఈసీలో, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో ఉంటుంది. సర్వే నంబర్ మీద 1983 నుంచి తీయించు. అమ్మకం కనబడితే ఆ దస్తావేజు నంబర్‌తో సర్టిఫైడ్ నకలు అడగాలి. అసలు కథ అందులోనే ఉంటుంది. 2015 నుంచి స్థిరాస్తికి ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు కాబట్టి ఇప్పటి దస్తావేజుల్లో చెక్కు నంబర్, బ్యాంకు పేరు రాస్తున్నారు. డబ్బు ఎటు పోయిందో అక్కడి నుంచి పట్టుకోవచ్చు. చేతిలో చేయి వేసి ఇచ్చుకున్న బ్లాకు మాత్రం దొరకదు, దాని మీద ఆశ వదులుకో. డిపాజిట్లకి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేసి, ఏ తేదీన మూసేశారు, ఏ ఖాతాలో పడింది అని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు. నామినీ చిన్నాన్న అయినా కంగారు పడకు. బ్యాంకు డబ్బుకి నామినీ తీసుకునేవాడే గానీ సొంతదారు కాడు.

కువైట్ పెద్దాయన:
డిపాజిట్లకి ఉద్గమ్ పోర్టల్ ఉంది కదా, అందులో పేరు కొడితే వచ్చేస్తుంది.

గంటస్తంభం, సింగపూర్:
అది పదేళ్లు ఎవరూ ముట్టుకోని డబ్బుకండీ. ఇక్కడ ముట్టుకున్నదే సమస్య. ఇంకోటి, చనిపోయాక అమ్మితే చిత్తు కాగితం అన్నారు, అంత తేలిక కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 208 ప్రకారం, జీపీఏ పోయిందన్న సంగతి తెలిసేదాకా కొన్నవాడి విషయంలో అది పోయినట్టు కాదు. ‘ఆయన చనిపోయినట్టు నాకు తెలీదు’ అని వాడు కోర్టులో అంటాడు. తెలుసని రుజువు చేయాల్సింది మీరు.

రాజాం రైతుబిడ్డ, మెల్‌బోర్న్:
పోలీసులు ‘ఇది సివిల్ మేటర్’ అని పంపేస్తారు, రాసిపెట్టుకో. అయినా ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో అమ్మగారు స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో నమ్మకద్రోహం సెక్షన్ 316, మోసం 318. సివిల్ కేసు కూడా విడిగా వేయాల్సిందే, దస్తావేజు రద్దుకి తెలిసిన రోజు నుంచి మూడేళ్లే టైము. కొన్నవాడు ఇంకొకడికి అమ్మకుండా ఇంజంక్షన్ అడగండి. సబ్ రిజిస్ట్రార్‌కి అర్జీ పెడితే ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, నేను పెట్టి చూశాను.

కువైట్ పెద్దాయన:
మా రోజుల్లో ఊరి పెద్దలు కూర్చుంటే సాయంత్రానికి తేలిపోయేది.

నాగావళి అక్క, న్యూజెర్సీ:
తేలేది పెద్దాయనా, పొలం ఎవరిదో కాదు, ఎవరి మాట నెగ్గుతుందో. తమ్ముడూ, కాగితాలు చేతికి వచ్చేదాకా చిన్నాన్నతో ఒక్క మాట కూడా అనకు. కోపం వస్తే మాకు ఫోన్ చెయ్.

సోంపేట గుంటడు, టొరంటో:
అందరికీ థాంక్స్. ఏజెన్సీకి వద్దని చెప్పేశాను. పది రోజులు పట్టింది గానీ అమ్మ, మా మావయ్య కలిసి నకలు తీయించారు. ఇవాళ పొద్దున్న ఫొటోలు పంపారు. రేటు 4,20,000 అని రాశారు. చెక్కు నంబర్ ఉంది. తేదీ చూస్తే నాన్న పెద్దకర్మ అయిన నాలుగో రోజు. చివర్లో వేలిముద్రల పేజీ ఉంది, అందులో అమ్మినాయన, కొన్నాయన ఫొటోలు. చిన్నాన్న ఫొటోలో గుండుతో ఉన్నారు. నాన్నకి కర్మ చేసి తీయించుకున్న గుండే అది. కొన్నాయన మా పక్క వీధే. పెద్దకర్మ భోజనాలకి వచ్చాడని అమ్మ అంటోంది, అన్నం వడ్డించింది తనేనట.

గంటస్తంభం, సింగపూర్:
ఆ పేజీ నకలు ఇంకో రెండు తీయించి వేరే వేరే ఇళ్లలో పెట్టండి. భోజనాల ఫొటోలు, వీడియోలు ఎవరి ఫోన్లో ఉన్నాయో మావయ్యని మెల్లగా వెతకమను. 208కి జవాబు అందులో దొరుకుతుంది. పిలిచిన ఫోన్ కాల్స్, మెసేజ్‌లు ఉంటే అవీ చెరపొద్దు.

నాగావళి అక్క, న్యూజెర్సీ:
చిన్నాన్నకి ఫోన్ చేయలేదు కదా?

సోంపేట గుంటడు, టొరంటో:
లేదక్కా. నిన్న రాత్రి ఆయనే చేశారు. అక్కడ చలి బాగా ఉందట కదా, మంచి కోటు కొనుక్కున్నావా అని అడిగారు. కొనుక్కున్నాను చిన్నాన్నా అన్నాను.