స్కాన్ తగ్గింది, ఫీల్డ్ మారలేదు: గ్లకోమా ముదిరిందో లేదో దేన్ని బట్టి చెప్పాలి?

తెనాలి_అబ్బాయి
అమ్మకు 68 ఏళ్లు. నాలుగేళ్లుగా గ్లకోమా, మన పెద్దవాళ్లు నీటికాసులు అంటారే, అదే. రాత్రిపూట ఒక చుక్కల మందు వేస్తున్నాం. కంటి ఒత్తిడి 15, 16 దగ్గర నిలకడగా ఉంది. మొన్న ఓసీటీ స్కాన్ తీశారు, కాంతితో కంటిలోపలి పొరల మందం కొలిచేది. కుడికంట్లో నరపు పోగుల పొర (చూపును మెదడుకు చేరవేసే పోగులు) సగటు మందం రెండేళ్ల కిందట 84 మైక్రాన్లు, ఇప్పుడు 78. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అదే రోజు చేసిన ఫీల్డ్ పరీక్షలో, అంటే చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో చూసే పరీక్షలో మాత్రం పైభాగాన చూపు ఆనని పాత చిన్న మచ్చే ఉంది, పెరగలేదు.

ఒక డాక్టరు గారు "జబ్బు కదులుతోంది, రెండో మందు కలుపుదాం" అన్నారు. ఇంకొకరిని అడిగితే "ఫీల్డ్ మారనప్పుడు కంగారెందుకు, ఆరు నెలలు చూద్దాం" అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. నిన్న రాత్రి రెండు స్కాన్ కాగితాలూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పాతదాంట్లో కింది వైపు పసుపు రంగు, కొత్తదాంట్లో అదే చోట ఎరుపు. అమ్మేమో "నాకు బాగానే కనిపిస్తోందిరా, రోజూ పేపరు చదువుతున్నాను కదా" అంటోంది. ఎవరి మాట వినాలి?

ముందుచూపు
మందు కలపండి. పేపరు చదవగలగడం గ్లకోమాలో సాక్ష్యమే కాదు. ఈ జబ్బు అంచుల నుంచి తింటూ వస్తుంది, చదివే చూపును చివరిదాకా వదిలేస్తుంది. మా నాన్నగారు కూడా పేపరు చదివేవారు. గుమ్మం పక్కన రోజూ ఉండే స్టూలు తగిలి పడిన రోజున గానీ మాకు అనుమానం రాలేదు. హైదరాబాదులో 1990లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో కూడా ఇదే తేలింది: గ్లకోమా ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ జబ్బు ఉన్న సంగతే తెలియదు.

ఫీల్డ్ పరీక్షలో మచ్చ తేలేసరికే రెటీనా నాడీకణాల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉంటాయని, మరణించినవారి కళ్లలో కణాలు లెక్కపెట్టి చెప్పారు. అమెరికాలో ఒత్తిడి మాత్రమే ఎక్కువగా ఉన్న 1,600 మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. గ్లకోమా వచ్చినవారిలో సుమారు సగం మందికి అది ముందుగా కంటినరం ఫొటోలోనే బయటపడింది. పోయిన నరం తిరిగి రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటారా?

పాతకళ్లజోడు
నాకు పంతొమ్మిదేళ్ల అనుభవం, డాక్టరుగా కాదు, రోగిగా. నా ఎడమకంటి స్కాన్ ఆరేళ్లుగా 51, 52, 51 అని అక్కడే ఉంది. కాగితం ప్రకారం నా జబ్బు ఆగిపోయింది. ఆ ఆరేళ్లలోనే నేను స్కూటరు మానేశాను, మెట్లు దిగేటప్పుడు మనవడి భుజం పట్టుకోవడం మొదలుపెట్టాను. సంగతేమిటంటే, పొర 50, 55 మైక్రాన్ల దగ్గరికి వచ్చాక ఇక తగ్గదు. అక్కడ మిగిలింది రక్తనాళాలూ, నరాన్ని పట్టి ఉంచే కణజాలమూ. ఎండిన చెరువులో కొలబద్ద పాతి నీటిమట్టం తగ్గలేదని సంతోషించినట్టు ఉంటుంది ఆ స్కాన్. నాకు నిజం చెప్పింది ఫీల్డ్ పరీక్షే, అది కూడా నడిమధ్య పది డిగ్రీలను దగ్గరగా చూసేది.

మనం కాపాడుకోవాల్సింది చూపును, మైక్రాన్లను కాదు.

ముందుచూపు
అయ్యా, మీది ముదిరిన దశ. ఆ అమ్మగారిది 78. మీ చెరువు ఎండింది, వారిదింకా సగానికి పైగా నిండుగా ఉంది. కొలబద్ద పనిచేసేది ఇప్పుడే.

కంటిపరీక్షల_గది
పన్నెండేళ్లుగా ఈ మెషీన్ల ముందు రోగుల గడ్డాలు ఆనించే పనిలో ఉన్నాను. తెనాలి గారూ, వాదనకు ముందు రెండు విషయాలు చెప్పండి. కాగితం పైన సిగ్నల్ బలం పదికి ఎంత అని ఉంది? రెండు స్కాన్లూ ఒకే మెషీన్ మీద తీసినవేనా?

తెనాలి_అబ్బాయి
మెషీన్ ఒకటే. సిగ్నల్ పాతదాంట్లో 8, కొత్తదాంట్లో 5. ఇంతవరకూ దీన్ని నేను గమనించనే లేదు. శుక్లం కొద్దిగా మొదలైందని కూడా చీటీలో రాశారు.

కంటిపరీక్షల_గది
అనుకున్నాను. మీరు చెప్పిన తీరు కాగితం వచ్చే మెషీన్‌లో 6 కన్నా తక్కువ వస్తే మేము మళ్లీ తీస్తాం. సిగ్నల్ బలహీనమైతే పొర ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. కాంతి లోపలికి వెళ్లి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి కట్టే లెక్క ఇది. దారిలో శుక్లం ఉన్నా, కన్ను పొడిబారినా ప్రతిధ్వని మసకబారుతుంది. కంప్యూటర్ పొర అంచు గీతను తప్పుచోట గీస్తుంది. ఒకే కన్నును ఒకే రోజు రెండుసార్లు తీసినా సగటులో నాలుగైదు మైక్రాన్ల తేడా రావచ్చు. మీ తేడా ఆరు. అందులో వయసు వాటా ఏడాదికి అర మైక్రాను చొప్పున తీసేయండి. ఏం మిగిలింది?

ఇక ఎరుపు సంగతి. ఆ రంగులు ఆరోగ్యవంతులతో పోల్చి వేసేవి. బాగా వాడుకలో ఉన్న ఒక మెషీన్‌లో ఆ పోలికకు ఆధారం 284 మంది కళ్లు, అంతే. మైనస్ ఏడు పవరున్న ఒక టీచరు గారు తొమ్మిదేళ్లుగా నా దగ్గరికి ఎర్ర కాగితంతో వస్తున్నారు. ఆ ఎరుపు అంగుళం కదలలేదు. పొడవాటి కన్నులో పోగుల అమరికే వేరు, అంతే. ముదిరిందా లేదా అన్నదానికి ఆమెను ఆమెతోనే పోల్చాలి, ఆ 284 మందితో కాదు.

ముందుచూపు
చెడ్డవార్త వచ్చిన ప్రతిసారీ మెషీన్ మీద నెట్టేద్దామంటారు. మరి ఆ బటన్ నొక్కే పరీక్ష నమ్మకం సంగతి కూడా చెప్పండి.

కంటిపరీక్షల_గది
చెబుతాను, దాచేదేముంది. మసక వెలుతురున్న గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ 54 చోట్ల మెరిసే చుక్కలకు బటన్ నొక్కాలి. భోజనం చేసి వచ్చిన పెద్దవారు మూడో నిమిషంలో కునుకు తీస్తారు. కొందరు చుక్క కనిపించకపోయినా "తప్పితే ఏమనుకుంటారో" అని నొక్కేస్తారు. రెప్ప వాలితే పైభాగమంతా నల్లగా వస్తుంది, టేపుతో రెప్ప ఎత్తి అంటిస్తే ఆ నలుపు మాయం. మొదటిసారి చేసిన పరీక్షను చాలామంది లెక్కలోకే తీసుకోరు, అలవాటు పడటానికే సరిపోతుంది. కాబట్టి ఫీల్డ్ మారలేదన్న మాట కూడా ఒక్క పరీక్షను పట్టుకుని అనకూడదు.

లెక్కల_మాస్టారు
రెండు బిందువుల గుండా గీత ఎటైనా పోతుంది, తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతే. మీరంతా రెండేసి కాగితాలు పట్టుకుని యుద్ధం చేస్తున్నారు. వేగంగా ముదిరేవారిని, అంటే ఏడాదికి 2 డెసిబెళ్లు (ఫీల్డ్ పరీక్షలో చూపును కొలిచే ప్రమాణం) నష్టపోయేవారిని పట్టుకోవాలంటే తొలి రెండేళ్లలో ఆరు ఫీల్డ్ పరీక్షలు చేయాలని 2008లోనే నిపుణులు సూచించారు. బ్రిటన్‌లో 2015లో వచ్చిన ప్రయోగం చూడండి. 516 మందిలో కొందరికి మందు చుక్కలు, కొందరికి ఉత్తి చుక్కలు వేసి, ఫీల్డ్ పరీక్షతోనే ఫలితం తేల్చారు. రెండేళ్లలో ఫీల్డ్ దెబ్బతిన్నవారు మందు వేసినవారిలో నూటికి 15 మంది, ఉత్తి చుక్కల వారిలో 26 మంది. పరీక్ష చెడ్డదైతే ఆ తేడా కనిపించేది కాదు. వారు మాటిమాటికీ చేశారు, మనం ఏడాదికోసారి చేసి దాన్ని తిడతాం.

పాతకళ్లజోడు
మాస్టారూ, మాటిమాటికీ అంటే బస్సు చార్జీలు, ఒకరోజు కూలి, తోడుగా వచ్చేవారి సెలవు. ఆ లెక్క కూడా కట్టండి. తెనాలి గారూ, ఇంకొక్క మాట. కంటినరం ఫొటో తీయించారా? మామూలు రంగు ఫొటో. నరం అంచున సన్నటి రక్తపు చార ఒకటి కనిపిస్తుంది కొందరిలో, కొద్ది వారాల్లో మాయమవుతుంది. మందం కొలిచే స్కాన్‌లో అది తెలియదు. నాకు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆ తరువాతే చూపు తగ్గింది.

తెనాలి_అబ్బాయి
పదిరోజుల తరువాత రాస్తున్నాను. మొదటి డాక్టరు గారికే సిగ్నల్ సంగతి చూపించాను. కోపం తెచ్చుకోలేదు, కాగితం మళ్లీ చూసి "నిజమే, మళ్లీ తీద్దాం" అన్నారు. కన్ను తడిబరిచే చుక్కలు వేసి తీశారు. సిగ్నల్ 8, మందం 82. ఆ తరువాత ఫొటో అడిగాను. కుడికంట్లో నరం కింది అంచున, గడియారంలో ఏడు దగ్గర, అగ్గిపుల్ల గీసినట్టు చిన్న ఎర్రటి చార.

రెండో మందు మొదలుపెట్టాం.

ముందుచూపు
మొదటిరోజే చెప్పాను.

కంటిపరీక్షల_గది
మందు సరే, కారణం వేరు. మీరు చూపించిన ఆరు మైక్రాన్లలో నాలుగు తిరిగి వచ్చేశాయి సారూ. ఆ చారను పట్టింది ఫొటో. నాలుగు నెలల తరువాత అదే మెషీన్, సిగ్నల్ 8కి తగ్గకుండా స్కాన్ తీయించండి, ఫీల్డ్ కూడా చేయించండి.

తెనాలి_అబ్బాయి
అలాగే. అమ్మ ఒక్క షరతు పెట్టింది: బటన్ పరీక్ష పొద్దున్నే పెట్టించాలట. మొన్న మధ్యాహ్నం నిద్రపోయిన మాట నిజమేనని ఇప్పుడు ఒప్పుకుంది.