వాణిజ్య ఒప్పందంలో కార్మిక హక్కుల షరతు: కూలీకి మేలా, చేటా?

మూలబావి:
2025 జులై 24న బ్రిటన్‌తో మనం సంతకం చేసిన ఒప్పందంలో కార్మికుల గురించి ఒక అధ్యాయం ఉంది. దాన్ని ఉల్లంఘించినా వివాద పరిష్కారానికి వెళ్లే వీల్లేదు. కోరలు పీకిన పాము. 1994లో అమెరికా, మెక్సికో, కెనడా పెట్టుకున్న నాఫ్టా వాణిజ్య ఒప్పందానిదీ ఇదే కథ: సంఘం పెట్టుకోనివ్వలేదని ఫిర్యాదు చేస్తే మంత్రుల సంప్రదింపులతో సరి. 2020 జులై 1న దాని స్థానంలో వచ్చిన యూఎస్‌ఎంసీఏ ఒప్పందంలో ఒక్కో ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు చేసే వీలు పెట్టారు. మనకు కావాల్సింది అది.

గట్టుమీద:
షరతు పెట్టేది ఎప్పుడూ కొనేవాడే. కార్మిక ప్రమాణాల సంగతి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) చూసుకోవాలని 1996లోనే సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) సమావేశంలో రాసుకున్నారు. మళ్లీ ఎందుకు తవ్వడం?

మూలబావి:
మెక్సికోలోని సిలావ్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) ఫ్యాక్టరీ ఉంది. 2021 ఏప్రిల్‌లో వేతన ఒప్పందం మీద ఓటింగ్ పెడితే పాత సంఘం వాళ్లే బ్యాలెట్లు చించేశారు. మేలో ఆ కొత్త వీలు కిందే అమెరికా ఫిర్యాదు పెట్టింది. ఆగస్టులో పరిశీలకుల ముందు మళ్లీ ఓటింగ్: ఒప్పందం వద్దని 3,214, కావాలని 2,623. 2022 ఫిబ్రవరిలో కొత్త సంఘం గెలిచింది, మేలో జీతం 8.5 శాతం పెరిగింది.

గట్టుమీద:
2,623 మంది పాతదే కావాలన్నారుగా!

చెరువుకట్ట:
సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లోనూ ఓడినవాళ్లకు ఓట్లుంటాయి. అయితే ఏంటి?

గట్టుమీద:
2,623కి జవాబు రాలేదు.

మూలబావి:
ఎన్నిసార్లు చెప్పాలండీ! మనం మాట్లాడేది బ్యాలెట్ చించడం గురించి. మెక్సికోలో చాలాచోట్ల కార్మికుణ్ని పనిలోకి తీసుకోకముందే యాజమాన్యం, సంఘం కలిసి ఒప్పందం రాసేసుకునేవి. కార్మికుడికి ఆ కాగితం చూపించేవారే కాదు.

పద్దుపుస్తకం:
సిలావ్‌లో పని జరగడానికి కారణం వేరు. అక్కడ తయారయ్యేవి పికప్ ట్రక్కులు. ఉల్లంఘన తేలి ఒప్పందం ఇచ్చిన సుంకం రాయితీ పోతే అమెరికాలో 25 శాతం సుంకం పడేది. మామూలు కార్లకు అప్పట్లో 2.5 శాతమే. సుంకం తక్కువైన చోట యజమానికి భయమూ తక్కువే. మెక్సికోలోనే పియెడ్రాస్ నెగ్రాస్ ఊళ్లో కారు విడిభాగాలు చేసే వీయూ కంపెనీ మీద రెండుసార్లు కేసు నడిచింది, 2023లో ఫ్యాక్టరీయే మూసేశారు.

గట్టుమీద:
అదీ! సంఘం గెలిచింది, కూడు పోయింది. మీలాంటివాళ్లకు కాగితం మీద హక్కుంటే చాలు!

మూలబావి:
మీకు కూలీ నోరు మూసుకుని పడుంటే చాలు!

గట్టుమీద:
నోరు మూయమన్నానా? అదే అమెరికా ఫ్యాక్టరీ మీద మెక్సికో ఫిర్యాదు చేయాలంటే అక్కడి కార్మిక బోర్డు ఉత్తర్వు ముందే ఉండాలి. మెక్సికో ఫ్యాక్టరీకి ఆ అడ్డు లేదు. కొరడా ఒకడి చేతిలోనే ఉంటే దాన్ని హక్కు అనను. నా గొడవంతా ఇదే.

మూలబావి:
ఈ మాట ముందే చెప్పాల్సింది. ఇద్దరికీ ఒకే నియమం రాయమనండి, సంతకం పెడతాను. అది కుదిరేదాకా షరతే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

చెరువుకట్ట:
మన రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లు చాలామంది కాంట్రాక్టరు కింద ఉంటారు. సంఘమే లేదు. ఫిర్యాదు ఎవరు రాస్తారు?

పద్దుపుస్తకం:
మెక్సికో ఫ్యాక్టరీల విషయంలో సంఘమే వేయాలని లేదు, బయటివాళ్లూ పిటిషన్ వేయొచ్చు. కేసు నడిచేది ఫ్యాక్టరీ మీద. మన షరతు కూడా ఎగుమతి ప్లాంటు అనుమతి నంబరు మీద రాయాలి. కాంట్రాక్టరు పేరు మీద రాస్తే వాడు నెల తిరక్కుండా పేరు మార్చుకుంటాడు.