స్టీల్‌హెడ్ కోసం మార్చిలో నదికి వెళ్ళవచ్చా, వెళ్ళకూడదా?

కొత్తగాలం:
అందరికీ నమస్కారం. ఉండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్మండ్‌లో. వేసవిలో చెరువుల్లో ట్రౌట్ పట్టడం బాగానే అలవాటైంది. ఈ చలికాలం స్టీల్‌హెడ్ చూడాలని ఉంది. అంటే సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏరెక్కే రెయిన్‌బో ట్రౌట్ అన్నమాట. ఒలింపిక్ ద్వీపకల్పంలో ఫోర్క్స్ ఊరి చుట్టూ ఉన్న హో, సోల్ డక్, బొగాచీల్ నదుల పేర్లు విన్నాను. ఆఫీసులో ఒకాయన డిసెంబర్, జనవరి దాటితే దండగ అంటున్నాడు. ఇంకొకాయన మార్చి దాకా ఆగమంటున్నాడు. సెలవు దొరికేది ఒక్క వారం. ఎప్పుడు పెట్టుకోమంటారు?

ఫోర్క్స్_వాన:
వాళ్ళిద్దరూ రెండు వేరే చేపల గురించి చెబుతున్నారు. డిసెంబర్, జనవరిలో ఎక్కువగా వచ్చేది హ్యాచరీ చేప, అంటే కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచి నదిలో వదిలినది. రాష్ట్రంలో చాలా హ్యాచరీల చేపలకు మూలం టకోమా దగ్గరి చేంబర్స్ క్రీక్ సంతతి. ముందుగా వచ్చిన చేపలనే ఏరి వాటి గుడ్లే పొదిగిస్తూ వచ్చారు కాబట్టి ఆ సంతతి అంతా తొందరగా ఏరెక్కుతుంది. వీపు మీద తోకకు దగ్గరలో ఉండే చిన్న కండరెక్కను పిల్లగా ఉన్నప్పుడే కత్తిరించి వదులుతారు. రెక్క లేకపోతే, ఆ నదిలో అనుమతి ఉంటే ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చేది ప్రధానంగా వైల్డ్ చేప, అంటే నదిలోనే పుట్టి పెరిగినది. రెక్క ఉంటుంది, ఒళ్ళు పెద్దది, పట్టినా వదిలేయాల్సిందే. ఒకప్పుడు ఈ ద్వీపకల్పంలో కొన్ని నదుల్లో ఏడాదికి ఒకటి ఉంచుకోనిచ్చేవారు, 2016లో అదీ తీసేశారు.

కూర వండుకోవాలంటే డిసెంబర్ చివర్లో బొగాచీల్‌కి పోండి. జీవితంలో గుర్తుండిపోయే చేప కావాలంటే ఫిబ్రవరి మూడో వారం. మార్చి సగం దాటాక మాత్రం నేను పోను, ఎవర్నీ పొమ్మనను.

స్కాజిట్_రెండుచేతులు:
అన్నా, ఇక్కడే మీతో పేచీ. ఫిబ్రవరిలో నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకట్టినట్టు ఉంటాయి. చేప మడుగు అడుగున పడుకుని ముక్కు ముందుకు వచ్చినదాన్ని తప్ప దేన్నీ ముట్టదు. మార్చి చివరికి ఆరు, ఏడు డిగ్రీలకు వస్తే అదే చేప పక్కకు కదిలి మరీ ఫ్లైని, అంటే ఈకలు, దారం చుట్టిన గాలాన్ని కొడుతుంది. పొడవు రాడ్ రెండు చేతులతో పట్టి ఫ్లై వేసే మాలాంటి వాళ్ళకు అసలు సీజన్ అప్పుడే మొదలవుతుంది. పైగా రోజులు పొడుగు, తుపానులు తక్కువ.

స్కాజిట్ నదినే తీసుకోండి. ఏప్రిల్‌లో పట్టి వదలడం కోసం పేరుపడ్డ నది. ఆ రాడ్‌తో విసిరే ఒక పద్ధతికి దాని పేరే పెట్టారు. 2009 తర్వాత అది మూతపడితే 2018 ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారు. ఆ ఏడాది నాలుగు వేల చేపలు వస్తాయన్న అంచనా ఉంటేనే తెరవాలి అన్న షరతుతో తెరిచారు. లెక్క చూసి అనుమతించిన దాన్ని తప్పు అనడం ఎందుకు?

గులకరాళ్ళు:
లెక్క చూసి అనుమతించారు సరే. కింద ఏముందో చూసే అడుగు వేస్తున్నారా? మార్చి మధ్య నుంచి ఆడచేప తోకతో గులకరాళ్ళు తవ్వి గుంట చేసి గుడ్లు పెట్టి మళ్ళీ కప్పేస్తుంది. ఆ గుంటలు లోతులేని చోట, నీళ్ళు చురుగ్గా పారే చోట ఉంటాయి. మనం వేడర్లు (నీళ్ళు చొరబడని పొడుగు బూట్ల ప్యాంటు) తొడుక్కుని సరిగ్గా అక్కడి నుంచే ఏరు దాటుతాం. చుట్టూ రాళ్ళకు నాచు పట్టి ఉంటే, తవ్విన చోట మాత్రం కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. దాని మీద కాలేస్తే కింద గుడ్లు నలిగిపోతాయి. కొత్తవాళ్ళకు అది కనపడదు, కనపడినా అర్థం కాదు. అందుకే కొత్తగాలం గారూ, మార్చి వద్దు.

గోదారిగట్టు:
నాకు ఈ గోల అర్థం కాదండి. మన దగ్గర పులస కూడా సముద్రం నుంచి గోదారికి ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికే. ఎర్రనీళ్ళు రాగానే వల వేస్తాం. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటాం. చేప ఏట్లోకి వచ్చేదే అప్పుడైతే, మనం పట్టేది ఇంకెప్పుడు?

గులకరాళ్ళు:
మీ మాటకు జవాబు మీ ఊళ్ళోనే ఉందండి. యానాం మార్కెట్‌లో ఇప్పుడు పులస ఒక్కటి కనపడితే అది వార్త అయి టీవీలో వస్తోంది.

గోదారిగట్టు:
అది ధవళేశ్వరం దగ్గర అడ్డం వల్ల, సముద్రం నోటి దగ్గరే వలలు వేయడం వల్ల. గాలం వేసేవాడి వల్ల కాదు. ఇక్కడా అంతే కదా, వలలు వేసేవాళ్ళను వదిలి రాడ్ పట్టినవాడికి నీతులు చెబుతున్నారు.

ఫోర్క్స్_వాన:
వలలు అంటే ఇక్కడి ఆదివాసీ తెగల వలలు, ఆ మాట సూటిగానే అనండి. హో, క్విల్యూట్, క్వినాల్ట్ తెగలు 1855-56లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో భూములు వదులుకున్నా చేపల హక్కు వదులుకోలేదు. అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రమే లేదు, అది ఏర్పడింది 1889లో. 1974లో జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పు పట్టదగ్గ చేపల్లో సగం వాటా తెగలదని తేల్చింది. వాళ్ళ వాటా వాళ్ళు పట్టుకుంటున్నారు. మన వాటాలో మనం ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

సోల్‌డక్_పాత_కాపు:
అందరూ మార్చిని వైల్డ్ చేపల నెల అంటున్నారు. అది ఎప్పటినుంచి అలా అయిందో ఎవరూ అడగడం లేదు. 1948 నుంచి 1960 దాకా ఈ నదుల్లో పట్టిన చేపల రికార్డులను ఇప్పటి లెక్కలతో పోల్చి చూశారు. అప్పట్లో వైల్డ్ చేపలు ఒకటి రెండు నెలలు ముందే ఎక్కువగా వచ్చేవట, సీజన్ కూడా ఇంకా పొడుగ్గా సాగేదట. డిసెంబర్, జనవరిలో హ్యాచరీ చేపలు దండిగా దిగడంతో వలలూ గాలాలూ ఆ రెండు నెలల మీదే పడ్డాయి. వాటితోపాటు ముందు వచ్చే వైల్డ్ చేపలు కూడా ఏళ్ళ తరబడి కోతకు పోయాయి. మిగిలింది ఆలస్యంగా వచ్చే గుంపు. ఇప్పుడు ఆ గుంపు మీదే మనందరం పడుతున్నాం. నన్నడిగితే గుంటలు తొక్కడం కంటే పెద్ద సమస్య ఇదే.

స్కాజిట్_రెండుచేతులు:
ఇది ఒప్పుకుంటాను. మరి ఫిబ్రవరిలో వెళ్ళమంటే ముందు వచ్చే ఆ కాసిన్ని చేపల మీదే ఇంకా ఒత్తిడి పెడుతున్నట్టు కాదా? మార్చిలో చేపలు ఎక్కువ ఉంటాయి, ఒక్కోదాని మీద పడే దెబ్బ తక్కువ. ఇక్కడ అందరం పట్టి వదిలేవాళ్ళమే కదా.

గులకరాళ్ళు:
వదిలినవన్నీ బతకవు. ప్లాన్ వేసేటప్పుడు అధికారులు మామూలుగా పదింటికి ఒకటి చనిపోతుందని లెక్క వేసుకుంటారు.

స్కాజిట్_రెండుచేతులు:
అది జాగ్రత్త కోసం కాస్త ఎక్కువ వేసుకున్న లెక్క. ఎర లేకుండా, ముల్లు తీసేసిన ఒంటి గాలంతో, చల్లని నీళ్ళలో పడితే అంతకంటే తక్కువే పోతాయి.

ఫోర్క్స్_వాన:
చల్లని నీళ్ళు అన్నారు చూశారా, మీరు మొదట ఫిబ్రవరిని తిట్టింది ఆ చల్లదనం గురించే. చేపకు మాత్రం అది మేలు.

ఒత్తిడి గురించి మీరు అడిగిన దానికి జవాబు నెలలో లేదు, నదిలో ఏ చోట నిలబడతారన్న దానిలో ఉంది. ఫిబ్రవరిలో నది కింది భాగంలో దొరికేది సముద్రం నుంచి అప్పుడే వచ్చిన వెండిరంగు చేప, బలంగా ఉంటుంది, వదిలితే రెండుసార్లు తోక ఊపి వెళ్ళిపోతుంది. ఏప్రిల్‌లో పైభాగంలో దొరికేవాటిలో సగం గుంటల దగ్గర జతకట్టినవే, మిగతావి గుడ్లు పెట్టేసి చిక్కిపోయి సముద్రానికి తిరిగి వెళ్ళేవి. సాల్మన్‌లా ఇది గుడ్లు పెట్టాక తప్పకుండా చచ్చేది కాదు, కొన్ని బతికి మళ్ళీ వస్తాయి. అలా తిరిగి పోతున్నదాన్ని లాగి ఫొటో దిగడంలో నాకు గొప్ప కనపడదు. కనుక మార్చిలో వెళ్ళాలనుకునేవాళ్ళు పోటు తగిలే కింది మైళ్ళలోనే ఉండండి, పైకి పోవద్దు.

ఇంకో సంగతి. నెల కంటే నీళ్ళ మట్టం ముఖ్యం. ఫోర్క్స్‌లో ఏటా వంద అంగుళాలకు పైగా వాన పడుతుంది. వరద వస్తున్నప్పుడు ఎవరికీ ఏమీ పడదు. వరద తీసి నీళ్ళు తేరుతూ, రెండు మూడు అడుగుల లోతు దాకా పచ్చగా కనిపించే రోజే రోజు. కలావా, సోల్ డక్ తొందరగా తేరతాయి. హో మంచునది నీళ్ళతో వచ్చేది కాబట్టి మడ్డి వదలడానికి ఎక్కువ రోజులు పడుతుంది. వారం సెలవు తీసుకుంటే మధ్యలో ఒక వరద తప్పదు, అందుకే ఒకే నదిని నమ్ముకోకండి. నీటి మట్టాలు ప్రభుత్వ గేజ్‌ల సైటులో ఎప్పటికప్పుడు కనపడతాయి.

గోదారిగట్టు:
మీరు చెప్పే పద్ధతిలో చేప పట్టాలంటే ఉద్యోగం మానేయాలి.

ఫోర్క్స్_వాన:
మానేసినవాళ్ళు ఫోర్క్స్‌లో చాలామందే ఉన్నారు. వాళ్ళలో సగం గైడ్లు.

కొత్తగాలం:
అందరికీ థ్యాంక్స్. ఫిబ్రవరి చివరి వారం అనుకుంటున్నాను. మార్చి మొదటి వారంలోకి రెండు రోజులు జరిగినా పర్లేదా? పడవ అద్దెకు తీసుకోవాలా?

సోల్‌డక్_పాత_కాపు:
రూమ్ మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నది తీసుకోండి. 2022లో చేపలు మరీ తక్కువ వస్తున్నాయని మార్చి 1 నుంచి తీరప్రాంత నదులను మూసేశారు. అలాంటి అత్యవసర నోటీసులు కొద్ది రోజుల ముందే వస్తాయి. బయలుదేరే రోజు పొద్దున కూడా రాష్ట్ర చేపల శాఖ సైటు చూడండి. నేషనల్ పార్క్ లోపలి భాగానికి రూల్స్ వేరు, అవి విడిగా చూసుకోవాలి.

2020 డిసెంబర్‌లో ఈ నదుల్లో పడవ మీద నుంచి గాలం వేయడం, సహజమైన ఎర వాడడం ఆపారు. ఆ తర్వాత ఏటా కొంత మారుస్తున్నారు. కాబట్టి ముందే పడవకు డబ్బు కట్టకండి. మొదటిసారికి ఒడ్డు మీద నుంచి బెండు కట్టి జిగ్ (తల దగ్గర బరువున్న గాలం) వేయడం చాలు.

గులకరాళ్ళు:
ఫిబ్రవరి చివరికైతే నాకు అభ్యంతరం లేదు. రెక్క ఉన్న చేపను నీళ్ళలోంచి పూర్తిగా పైకి ఎత్తడం ఇక్కడ చట్టప్రకారం తప్పు, ఫొటో కోసం అయినా సరే. ముడులు లేని వల తీసుకెళ్ళండి, చేప వలలో నీళ్ళలోనే ఉండగా గాలం తీసేయండి.

స్కాజిట్_రెండుచేతులు:
ఏప్రిల్‌లో స్కాజిట్ తెరిస్తే మాత్రం నేను పోతాను, గులకరాళ్ళు గారు ఏమనుకున్నా సరే. కొత్తగాలం, నువ్వూ రావాలనుకుంటే గుర్తుంచుకో: ఇక్కడ లైసెన్స్ ఏడాది మార్చి 31తో అయిపోతుంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త లైసెన్స్, కొత్త క్యాచ్ కార్డ్ (ఉంచుకున్న చేపలను రాసే కార్డు) కావాలి.

గులకరాళ్ళు:
పోండి. ఏరు దాటేటప్పుడు కాళ్ళ కింద చూసుకోండి.