కిబాలెలో ఒకే చెట్టు మీద మూడు రకాల కోతులు: కొట్టుకోవా?

కంపాలా_కుర్రోడు:
ఈమధ్య ఆఫీసువాళ్లతో ఉగాండాలోని కిబాలె అడవి పక్కనున్న బిగోడికి వెళ్లాను. ఒక పెద్ద చెట్టు మీద ఎర్ర కోలోబస్‌లు, నల్లటి మాంగబేలు, ముక్కు మీద సున్నం బొట్టు పెట్టినట్టున్న చిన్న కోతులు కలిసి తింటున్నాయి. మా గుంటూరు వైపు కొండముచ్చు కనిపిస్తే కోతులు పరారు. వాటిని తరమడానికే కొండముచ్చును తెప్పిస్తారు. ఇక్కడ వీటికి గొడవలుండవా? ఆ మొహాల మీద అన్ని రంగులెందుకు? గైడ్ ఏదో చెప్పాడుగానీ మావాళ్ల గోలలో వినపడలేదు.

టీతోట_లెక్కలు:
తమ్ముడూ, నేను ఫోర్ట్ పోర్టల్ దగ్గర టీ తోటలో అకౌంట్స్ చూస్తాను. నువ్వు చూసిన ముక్కుబొట్టుది రెడ్‌టెయిల్. తోక ఇటుక రంగులో ఉంటుంది, కళ్ల చుట్టూ నీలం. మా వంటమనిషి అరటి గెలకు గోనెసంచి కట్టేది దీని భయంతోనే. మన కోతిలాగే దీనికీ బుగ్గల్లో సంచులున్నాయి. దొరికింది కుక్కుకుని పోయి, ఎక్కడో కూర్చుని తీరిగ్గా నములుతుంది.

ఎర్ర కోలోబస్ మన కొండముచ్చుకు చుట్టం. బుగ్గ సంచి లేదు, బొటనవేలు పేరుకే. ఆకులు అరగడానికి అరలున్న పొట్ట. దాని తిండిలో ఎక్కువ ఆకులే కాబట్టి మిగతావాటితో పేచీ తక్కువ. పండ్ల దగ్గర మాత్రం మాంగబే కసిరితే రెడ్‌టెయిల్ తప్పుకోవాల్సిందే.

అయినా కలిసి తిరుగుతాయంటే ముఖ్యంగా గద్ద భయం. ఇక్కడి క్రౌన్డ్ ఈగిల్ తిండిలో ఎక్కువ భాగం కోతులే. ఎన్ని కళ్లుంటే అంత మంచిది. ఒకటి అరిస్తే పక్క జాతివీ అందుకుంటాయి. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో దీన్ని బాగా పరిశీలించారు. అక్కడి కోతులకు చిరుతకు ఒక కేక, గద్దకు ఇంకో కేక. క్యాంప్‌బెల్ కోతి కేక విని డయానా కోతి కూడా జాగ్రత్తపడుతుంది.

రంగులంటావా, ఇలా కలిసి బతకడం వల్లే అంటారు. రెడ్‌టెయిల్ గ్వెనన్లనే ఆఫ్రికా కోతుల కుటుంబంలోది. 2014లో గ్వెనన్ల ఫొటోలను మనుషుల మొహాలు గుర్తుపట్టే రకం కంప్యూటర్ పద్ధతితో పోల్చారు. ఒకే చోట ఉండే జాతుల మొహాల్లోనే తేడా ఎక్కువ కనిపించింది. వేరే జాతితో జత కట్టకుండా అదొక గుర్తన్నమాట.

నాకు వీటి సంసారాలే భలే అనిపిస్తాయి. రెడ్‌టెయిల్ గుంపులో మామూలుగా ఒక్కటే పెద్ద మగది. ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, ఎదిగిన మగపిల్లలు బయటికి. కోలోబస్‌ల దగ్గర తిరకాసు: ఆడపిల్లలే వేరే గుంపులకు పోతాయి. మగవి మిగిలి, చింపాంజీలు వేటకొస్తే కలిసి ఎదిరిస్తాయి. ఎప్పుడూ గెలుస్తాయని కాదు. ఇదే కిబాలెలో న్గోగో వైపు చింపాంజీల వేటకు వీటి సంఖ్య బాగా పడిపోయింది.

గోదారిగట్టు:
అన్నగారూ, మొహాలు అంత పక్కా గుర్తయితే టాంజానియాలోని గోంబెలో రెడ్‌టెయిల్‌కీ బ్లూ మంకీకీ పిల్లలెలా పుడుతున్నాయి?

టీతోట_లెక్కలు:
పుడుతున్నాయి, నిజమే. ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు కూడా. గుర్తు ఉన్నంత మాత్రాన గోడ కట్టినట్టు కాదుగా. తన జాతిలో జత దొరక్కపోతే మగది ఏం చేస్తుంది? ఇది మాత్రం నా ఊహ.

ఎల్డోరెట్_మాస్టారు:
మొహాల మీద మోజుంటే కెన్యాలో కిటాలె దగ్గర సైవా స్వాంప్ పార్క్‌కు రండి. నుదుట నారింజ రంగు పట్టీ, తెల్ల గడ్డం ఉన్న డి బ్రాజా కోతులుంటాయి. చిన్న గుంపులు. అలికిడైతే అరవవు, కదలకుండా కూర్చుంటాయి. అక్కడ నడిచే చూడాలి. పొద్దున్నే వెళ్లండి, ఆఫీసు బ్యాచ్‌ను మాత్రం తీసుకురావద్దు.