కాలనీలో సీసీ కెమెరాలకు చందా: అభ్యంతరం చెప్పే హక్కు మాకు ఉందా?

ప్రశ్న (మూడో వీధి నివాసి):

హైదరాబాదులోని మా కాలనీలో ప్రతి మలుపులోనూ సీసీ కెమెరాలు పెట్టించాలని, అందుకు ఇంటింటా చందా వసూలు చేయాలని సంక్షేమ సంఘం నోటీసు అంటించింది. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద వీటిని స్థానిక ఠాణాతో అనుసంధానిస్తారట. ఏ కెమెరా ఎటు తిరిగి ఉంటుందో, ఫుటేజీని ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరెవరు చూడవచ్చో నోటీసులో ఒక్క మాటైనా లేదు. పాత కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) ఇప్పుడు సంఘం గదిలోనే ఉంది. పేపరు చదువుకోవడానికి వచ్చినవారందరికీ ఆ తెర కనిపిస్తూనే ఉంటుంది, దాని పాస్‌వర్డు గోడమీది క్యాలెండరు అంచున రాసి ఉంది. మలుపులోని కెమెరా ఒకటి మహిళల హాస్టల్ గేటునూ, దాని పక్కింటి మేడమీది వసారానూ నేరుగా చూస్తోంది. ఆ ఇంటి ఆడవాళ్లు వెళ్లి అడిగితే, తప్పు చేయనివారికి భయమెందుకని సమాధానం వచ్చింది.

మా వీధిలోని కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి అభ్యంతరం తెలపాలనుకుంటున్నాం. చందా ఇవ్వకపోతే చట్టం ఊరుకోదని కొందరు అంటున్నారు. అది నిజమేనా? అభ్యంతరాన్ని ఎవరికి, ఏ రూపంలో ఇవ్వాలి?

జవాబు (వృత్తిరీత్యా న్యాయవాది):

మీకు చూపుతున్నది బహుశా 2013 నాటి ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం అయి ఉంటుంది. అది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. నూరుమందికి తగ్గకుండా జనం గుమికూడే అవకాశమున్న దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనాస్థలాలు మొదలైనవాటి నిర్వాహకులు కెమెరాలు పెట్టుకోవాలని, ఫుటేజీని 30 రోజులు భద్రపరచి పోలీసులు కోరినప్పుడు ఇవ్వాలని అది చెబుతుంది. ఒక కుటుంబం కాపురముంటున్న ఇల్లు దాని పరిధిలోకి రాదు. వీధి కెమెరాలకు చందా ఇచ్చి తీరాలని అది ఎక్కడా అనలేదు. అయితే సంఘంలో సభ్యులైతే సర్వసభ్య సమావేశంలో తీర్మానం జరగకుండా ఈ ఖర్చు పెట్టవచ్చా అన్న సంగతి మీ సంఘం నియమావళిలో తప్పక చూడండి.

ఇక హక్కు మాటకొస్తే, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. దానిలో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఆధారం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి అవసరమైనంత మేరకే జోక్యం ఉండాలి. మన నగరంలో ఈ ప్రశ్నను కోర్టుదాకా తీసుకువెళ్లినవారు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు ఆయనను ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటోను ఏం చేస్తారో చెప్పమని ఆయన నోటీసు పంపారు, తరువాత ముఖ గుర్తింపు సాంకేతికత వాడకాన్నే ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. మీ వీధి కెమెరాలకు ముఖ గుర్తింపు కలుపుతారా అన్నది కూడా మీరు రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్నే.

జవాబు (మరో కాలనీ సంఘం కోశాధికారి):

మీ ఆందోళనను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. మా వీధిలో ఒక పెద్దావిడ మెడలోంచి గొలుసు తెంచుకుపోయినప్పుడు బండి నంబరు దొరికింది కెమెరా వల్లనే. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసినవాళ్లం. కెమెరాలు కోరుకునేవారంతా పొరుగువారిమీద కన్నేయడానికే కోరుకుంటున్నారనుకోకండి. కానీ డీవీఆర్ అందరూ కూర్చునే గదిలో ఉండడాన్నీ, హాస్టల్ గేటువైపు కెమెరా తిప్పడాన్నీ నేను ఏమాత్రం సమర్థించను. మా దగ్గర డీవీఆర్‌ను తాళమున్న పెట్టెలో ఉంచాం. ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూశారో పుస్తకంలో రాసి సంతకం పెడతారు. ఇళ్ల కిటికీలు కనిపించే భాగాన్ని రికార్డు కాకుండా కప్పివేసే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంటుంది, అమర్చినవారిని అడిగితే చేసిపెడతారు.

జవాబు (బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న తెలుగువాడిని):

కోశాధికారి గారూ, మీరు చెప్పిన జాగ్రత్తలు మంచివే, కానీ కెమెరాలు పెట్టేవారు అసలు ఉద్దేశాన్నే దాచితే అవి సరిపోవు. ఇక్కడ 2010లో ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల్లో 'ప్రాజెక్ట్ ఛాంపియన్' పేరుతో 200కు పైగా కెమెరాలు అమర్చారు. వాహనాల నంబర్లు చదివేవి వాటిలో చాలా ఉన్నాయి, కొన్నింటిని ఎవరికీ కనబడకుండా దాచారు కూడా. వీధి నేరాలు, అల్లర్లు తగ్గించడానికని ప్రజలకు చెప్పారు గాని, డబ్బు వచ్చింది ఉగ్రవాద నిరోధక నిధి నుంచి. స్థానికులు, పౌరహక్కుల కార్యకర్తలు కలిసి బహిరంగ సభలు పెట్టి, పత్రికలకు ఎక్కించి, కౌన్సిలర్లను నిలదీశారు. ఒక్క కెమెరా కూడా పనిచేయకముందే వాటికి ప్లాస్టిక్ సంచులు తొడగవలసి వచ్చింది. వేరే జిల్లా పోలీసు అధిపతితో జరిపించిన సమీక్ష ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇక్కడి పోలీసు అధిపతి క్షమాపణ చెప్పారు, 2011లో కెమెరాలను పీకేశారు.

ఆ పోరాటం నడిచింది 'ఈ డబ్బు ఎవరిది, ఏ పద్దు కింద వచ్చింది' అన్న ప్రశ్నమీద. మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి. కెమెరాలు వద్దు అని మొదలుపెడితే మిమ్మల్ని దొంగలకు వత్తాసు పలికేవారిగా చూపడం వారికి తేలిక. పద్దు చూపమని అడిగితే మాత్రం మీతో ఏకీభవించనివారు కూడా మీ పక్కన నిలబడతారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వీధివాళ్లం కూర్చుని రెండు కాగితాలు తయారుచేశాం. సంఘం కార్యదర్శికి ఇచ్చే వినతిలో, కెమెరాల స్థానాలు గుర్తించిన పటం, ఖర్చు లెక్క, ఫుటేజీ చూసేవారి పేర్లు సర్వసభ్య సమావేశం ముందు పెట్టేవరకు చందా వసూలు ఆపాలని కోరాం. హాస్టల్ గేటువైపున్న కెమెరాను ఈలోగానే తిప్పాలని అడిగాం. హాస్టల్‌లో ఉండే అమ్మాయిలు కూడా దానిమీద సంతకాలు పెట్టారు. రెండోది సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో పోలీసు శాఖ పౌర సమాచార అధికారికి పంపే దరఖాస్తు. మా కాలనీ కెమెరాల ఫుటేజీ ఎక్కడికి వెళుతుంది, ఎన్ని రోజులు ఉంటుంది, ముఖ గుర్తింపు వ్యవస్థకు కలిపారా, ఏ ఉత్తర్వు ప్రకారం అన్నవి అందులో అడిగాం. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. న్యాయవాది గారూ, అది రాకముందే కార్యవర్గం సమావేశం పెట్టేస్తే ఓటింగు వాయిదా వేయమని కోరే హక్కు సభ్యులకు ఉంటుందా? మా నియమావళిలోని ఆ భాగాన్ని రేపు ఇక్కడ పెడతాను, దయచేసి ఒకసారి చూడండి.